అత్త అనగా ఎవరు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు కాచేవాణ్ణి అందరూ జిగురు అనే పిలుస్తారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడదు. పిండీ నీళ్ళూ కలిపి, ఆవిరి పెట్టి కాచి, ముడతల అట్టకీ చదును అట్టకీ మధ్య పోయించడం అతని పని. పలచనైతే అట్ట విడిపోతుంది. చిక్కనైతే రోలరు పట్టేస్తుంది. అందుకని తొట్టిలో కర్ర ముంచి, కర్ర చివర్నించి జారే తీగని చూస్తూ నిలబడతాడు. మాట్లాడడు. అతను మాట్లాడాల్సినవి కూడా పక్కన కోత మిషను మీదుండే మనిషి మాట్లాడేస్తాడు. అతన్ని కోతాయన అంటారు. అట్టలూ కోస్తాడు, కోతలూ కోస్తాడు.

పనివాళ్ళ వైద్యం సంగతి కంపెనీయే చూస్తుంది. మొదట్లో ఎవరికి జబ్బు చేసినా, ఏ ఆసుపత్రికి వెళ్ళినా, బిల్లు తెచ్చి ఆఫీసులో పడేస్తే సరిపోయేది. తర్వాత ఆ పని ఇన్సూరెన్సు కంపెనీకి అప్పజెప్పారు. అప్పట్నించీ అది ఏటేటా ఉతికిన చొక్కాలాగా కుదించుకుపోతూ వచ్చింది. ఒక ఏడాది, మేం చెప్పిన ఆసుపత్రులకే వెళ్ళాలన్నారు. ఇంకో ఏడాది, బిల్లులో కొంత మీరూ పెట్టుకోవాలన్నారు. ఆ తర్వాత, తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి పోకూడదు, మేం పెట్టిన చిన్న డాక్టరు చూసి పంపితేనే పోవాలన్నారు. ఆయన్ని దాటితే గానీ లోపలికి పోయే వీల్లేదు గనక పనివాళ్ళు ఆయనకి గుమ్మం డాక్టరని పేరు పెట్టారు. గుమ్మం దాటినా సరే, ఆసుపత్రి మంచం ఎక్కేముందు ఫోను చేసి అనుమతి తెచ్చుకోవాలి.

“చచ్చేముందు కూడా ఫోను చెయ్యాలేమో కనుక్కోండి,” అన్నాడు కోతాయన. “చేస్తే లైన్లో ఉండమంటారు. ఆ లోపల మనం మనసు మార్చుకోవచ్చు.”

ఈ ఏడు మాత్రం ఒక మంచి పని చేశారు. ఇంట్లో పెద్దవాళ్ళని కూడా చేర్చుకోవచ్చన్నారు. తల్లిదండ్రులు గానీ, అత్తమామలు గానీ. రెండు జంటలూ కుదరవు. అటో ఇటో తేల్చుకుని చెప్పాలి. ఆ వారం ఫ్యాక్టరీలో చాలామంది మధ్యాహ్నం క్యారేజీ లేకుండానే పనికొచ్చారు.

జిగురుకి ఆ గొడవ లేదు. వంతు రాగానే చేతులు తుడుచుకుని ఆఫీసులోకి వెళ్ళాడు. పేర్లు ఎక్కించే ఆఫీసమ్మ కంప్యూటర్లోంచి తల తిప్పలేదు.

“అమ్మానాన్నా ఉన్నారా?”

“లేరండి. చిన్నప్పుడే పోయారు.”

“మరి అత్తా మామా?”

“అత్త ఉంది.”

“మామ?”

“లేడండి.”

“అత్త పేరు, వయసు చెప్పు.”

చెప్పాడు. ఆవిడ ఎక్కించుకుంది. “ఒక్కరే కాబట్టి నీ జీతంలో కోత కూడా తక్కువే పడుతుందిలే. తరవాతివాళ్ళని పంపు.”

అతను చెప్పింది మేనత్త పేరు. అందులో ఎత్తేమీ లేదు. తల్లీ తండ్రీ పోయాక అతన్ని పెంచింది తండ్రి చెల్లెలే. కుట్టుమిషను తొక్కి పెంచింది. మాటలు వచ్చిన దగ్గర్నించీ అతను అత్తా అని పిలిచింది ఆమెనే. పెళ్ళయ్యాక ఇంటికొచ్చిన భార్య తల్లిని అత్తయ్యగారూ అంటాడు. ఆఫీసమ్మ గనక అత్తయ్యగారు ఉన్నారా అని అడిగుంటే ఆవిడ పేరే చెప్పేవాడు. అత్త అని అడిగింది. అత్త పేరు చెప్పాడు. పనిలోకి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటారు. వీధిలోవాళ్ళు మేనత్తని పాతత్త అనీ, భార్య తల్లిని కొత్తత్త అనీ అంటారు. కొత్తత్త వచ్చి చాలా ఏళ్ళయింది గానీ కొత్త పోలేదు. మధ్య గదిలో ఎదురెదురుగా ఇద్దరి మంచాలు. పొద్దున లేస్తూనే పోట్లాట మొదలవుతుంది. ఫ్యాను వేగం దగ్గర ఒకటి, కిటికీ రెక్క దగ్గర ఒకటి, చక్కెర డబ్బా మూత ఎవరు సరిగా పెట్టలేదన్న దగ్గర ఇంకొకటి. కానీ ఒకావిడ బయటికి వెళ్తే రెండో ఆవిడ గుమ్మంవైపే చూస్తూ కూర్చుంటుంది. జిగురు ఇదంతా చూశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య పాతత్త మోకాలు బొత్తిగా మొండికేసింది. మిషను తొక్కడం మానేసింది. గోడ పట్టుకుని వంటగది దాకా, వంటగదిలో గట్టు పట్టుకుని పెరటి దాకా. మిషను మీద గుడ్డ కప్పేసి, దాని మీద మందుల సీసాలు పెట్టుకుంది. అది చూసినప్పుడల్లా జిగురు మొహం తిప్పేసుకునేవాడు.

పాలసీ కార్డు రాగానే ఆమెని గుమ్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ముందు పూత మందు రాశాడు. మళ్ళీ వెళ్తే, బరువు తగ్గమన్నాడు. మళ్ళీ వెళ్తే, రోజూ నడవమన్నాడు.

“నడవలేకే కదా బాబూ నీ దగ్గరికొచ్చింది,” అంది పాతత్త.

“తెలుసమ్మా. కానీ నడవమని చెప్పినట్టు ముందు నేను రాయాలి. నువ్వు నడవలేదని ఆ తర్వాత రాయాలి. అప్పుడుగానీ పై డాక్టరుకి పంపనివ్వరు నన్ను.” ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన పైనా ఏదో ఒక గుమ్మం ఉంది.

చివరికి ఎముకల డాక్టరు ఎక్సరే చూసి, కీలు అరిగిపోయింది, మార్చడం తప్ప దారి లేదన్నాడు. అనుమతి కోసం జిగురు ఫోను చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించి, ఒకమ్మాయి పలికింది.

“ఈ సంభాషణ నాణ్యత కోసం రికార్డవుతుందండి. పేషెంటు మీకేమవుతారు?”

“అత్త.”

“మీ అత్తగారు నడవగలరాండీ?”

“గోడ పట్టుకుని.”

“మెట్లు ఎక్కగలరా?”

“ఇంట్లో మెట్లు లేవండి.”

“ఉంటే ఎక్కగలరాండీ?”

జిగురు కాసేపు ఆలోచించాడు. “ఉంటే, కట్టించినవాణ్ణి తిట్టేది.”

అవతల టైపు చేస్తున్న టకటక ఆగింది. “ఎక్కలేరు అని రాసుకుంటున్నానండి.”

పనిలో ఉన్నప్పుడు జిగురు ఫోను అలమరలో ఉంటుంది. అందుకని భార్య నెంబరు ఇచ్చాడు. మర్నాడు కబురు ఆమె ఫోనుకే వచ్చింది. మీ అత్తగారి మోకాలి ఆపరేషను దరఖాస్తు అందింది, ఖర్చు పెద్దది గనక మా మనిషి ఇంటికొచ్చి విచారిస్తాడు అని. దరఖాస్తులన్నీ భర్త పేరు మీదే వెళ్తాయి గనక, అత్తగారంటే తన తల్లే అనుకుంది ఆమె.

“అమ్మా, నీ మోకాలికి ఆపరేషనట.”

కొత్తత్త కాళ్ళు చాపుకుని చూసుకుంది. “నా మోకాలికేం, నిక్షేపంగా ఉంది. నాకు శుక్లం వచ్చింది కంట్లో కదే. మోకాలికి ఎప్పుడు దిగింది?”

ఎదుటి మంచం మీద పాతత్త గాజులు సవరించుకుంటూ ఉండిపోయింది. ఆ ఇంట్లో మోకాలు ఎవరిదో ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

సాయంత్రం జిగురు చెప్పులు విప్పకముందే భార్య ఎదురొచ్చింది. “పాలసీలో అత్తకని ఉన్న ఒక్క చోటులో ఎవర్ని పెట్టారు?”

“అత్త ఉందా అని అడిగారు. ఉందన్నాను.”

“మరి మా అమ్మెవరు?”

“అత్తయ్యగారు.”

ఆమె అతని చేతిలోంచి క్యారేజీ లాక్కుంది. లోపల్నించి పాతత్త అంది, “నాకొద్దురా ఆ ఆపరేషను. ఇంకొకరి చోటులో నేను కూర్చోను.”

“కూర్చోడం అయిపోయిందిగా,” అంది కొత్తత్త. “లేవడం ఎలాగూ నీ వల్ల కాదు. ఆ వచ్చేవాణ్ణి రానీ.”

“వచ్చినాయనతో ఎవరూ అబద్ధం చెప్పొద్దు,” అన్నాడు జిగురు. అతనికి రికార్డు భయం పట్టుకుంది. తప్పు చెప్పి చేర్చాడని తేలితే ఆపరేషనే కాదు, ఉద్యోగం కూడా ఊడుతుందేమోనని లోపల బిక్కుబిక్కుమంటున్నాడు.

“అబద్ధమెందుకురా,” అంది కొత్తత్త. “నిజమే కావలసినంత ఉంది.”

విచారణకొచ్చినాయన కుర్రవాడే. మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో పలక లాంటి పెద్ద ఫోను. ఎండనపడి వచ్చాడు. మంచినీళ్ళు తాగి, మంచాల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ముందు పాతత్త మోకాలు చూశాడు. తర్వాత జిగురుని చూపించి అడిగాడు.

“ఇతను మీకేమవుతాడమ్మా?”

“అల్లుడు,” అంది పాతత్త. పుట్టినప్పట్నించీ అలాగే పిలుస్తుంది. మేనల్లుణ్ణి మేనల్లుడా అని ఎవరు పిలుస్తారు?

విచారణాయన సంతోషించాడు. ఫోనులో ఏదో నొక్కి, భార్యవైపు తిరిగాడు. “ఈవిడ మీ అమ్మగారే కదండీ?”

“పెద్దమ్మండి.”

వేలు ఆగింది. “అమ్మ కాదా?”

“భర్త మేనత్త వరసకి అమ్మేగా అవుతుంది. అమ్మ కంటే పెద్దావిడ్ని పట్టుకుని పెద్దమ్మా అనకపోతే ఏమనాలి?” ఆ మొదటి మాట అనకూడనిదని అనేశాక తెలిసి, ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనత్త అన్న మాట గదిలో పడిపోయింది. జిగురు గోడకి ఆనుకున్నాడు. విచారణాయన అది విన్నట్టే ఉన్నాడు గానీ ఇంకా ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొత్తత్తవైపు తిరిగాడు.

“ఈవిడ మీకేమవుతారమ్మా?”

“అక్క.”

“సొంత అక్కా?”

“సొంత అక్కతో ఇంతకాలం ఎవరైనా ఒక గదిలో ఉంటారా నాయనా? వరసకి అక్క.”

“మరి మీరు ఇతనికి?”

“అత్తని.”

“ఆవిడ?”

“ఆవిడా అత్తే.”

“అసలు ఇతనికి ఎంతమంది అత్తలు?”

“ఇద్దరమే. ఇంకా ఉంటే వాడు బతికి బట్టకడతాడా?”

విచారణాయన ఫోను ఒళ్ళో పెట్టుకుని మొహం తుడుచుకున్నాడు. “అమ్మా, పాలసీలో అత్త అంటే భార్యకి తల్లి. ఈవిడ మేనత్త. మేనత్త లెక్కలోకి రాదు.”

“అలాగని రాసుందా అందులో? చదువు, వింటాను. నాకు కన్ను సరిగా ఆనదు.”

అతను చదివాడు. తల్లిదండ్రులు గానీ, అత్తమామలు గానీ. అంతే ఉంది. కిందకీ పైకీ జరిపి చూశాడు. ఇంకేం లేదు.

“నీకు మేనత్త ఉందా బాబూ?” అంది కొత్తత్త.

“ఉందండి.”

“ఆవిడ ఇంటికొస్తే తలుపు తీసి ఏమంటావు?”

“రా అత్తా అంటాను.”

“మరి మీ పాలసీ రాసినాయన వాళ్ళింట్లో ఏమంటాడో కనుక్కో.”

విచారణాయన పైవాడికి ఫోను చేశాడు. చెవి దగ్గర పెట్టుకుంటే ఫ్యాను గోలకి వినపడక, స్పీకరు పెట్టాడు. అందుకని గదిలో అందరూ విన్నారు.

“సార్, ఇక్కడ పేషెంటు అతనికి అత్తే సార్. కానీ భార్య తల్లి కాదు.”

“అదెలా? మదరిన్లా కాకపోతే అత్తెలా అవుతుంది?”

“మేనత్త సార్.”

“అంటే ఆంటీయా?”

“ఆంటీయే సార్. అంటే, ఊరికే ఆంటీ కాదు సార్.”

“ఆంటీ అంటే మా పక్కింటావిడా ఆంటీయే. సరిగ్గా చెప్పవయ్యా. మదరిన్లానా, ఆంటీయా? ఒక్క మాటలో చెప్పు.”

“ఒక్క మాటలో అయితే అత్త సార్.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “మనం ఇచ్చిన తెలుగు పాలసీలో ఏముంది?”

“అత్త అనే ఉంది సార్.”

“అనువాదం ఎవడు చేశాడు?”

పైవాడు గొంతు తగ్గించాడు. స్పీకరు మాత్రం తగ్గలేదు. “చూడు, ఆ అట్టపెట్టెల వాళ్ళ పాలసీ తిరిగి రాయించుకునే టైమిది. పక్క కంపెనీ వాళ్ళు అప్పుడే తిరుగుతున్నారట వాళ్ళ చుట్టూ. ఒక మోకాలి కోసం రచ్చ పెట్టుకోవద్దు. కానీ చోటు ఒక్కటే. ఆ రెండో అత్త ఈ ఏడు అడగనని ఒప్పుకుంటే ఇచ్చెయ్. లేదంటే పొరపాటు జరిగిందని రాసి, పేరు మార్చి, ఆవిణ్ణే పెట్టు. అదే పద్ధతి.”

విచారణాయన ఫోను కట్టేశాడు. కొత్తత్తవైపు తిరిగి మెల్లగా అన్నాడు, “విన్నారుగా అమ్మా. మీరు ఊఁ అంటే ఆ చోటు మీదే. శుక్లం తీయించుకోవచ్చు. అందులో తప్పేం లేదు, అది మీ హక్కే.”

కూతురు తల్లివైపు చూసింది. జిగురు నేలవైపు చూశాడు. అడగడానికి అతనికి నోరు లేదు. ఎవర్ని అడగాలి, ఏమని?

“పెట్టించుకో చెల్లీ,” అంది పాతత్త. “కన్ను కదా. నా కాలికేం, ఇన్నాళ్ళూ ఈడ్చింది, ఇంకొన్నాళ్ళు ఈడుస్తుంది.”

ఆవిడ కొత్తత్తని చెల్లీ అనడం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. కొత్తత్తకి అది నచ్చలేదు. మొహం చిట్లించింది.

“నాయనా, రాసుకో,” అంది విచారణాయనతో. “నా కన్ను మసగ్గా ఉన్నా, దాని మొహం నాకు కనపడుతూనే ఉంది. అంతకంటే స్పష్టంగా చూడాలన్న సరదా నాకేం లేదు. ముందు మోకాలు కానీ.”

“ఆలోచించుకునే చెప్తున్నారా?”

“ఆలోచించే. మొన్న చక్కెర డబ్బా దగ్గర మాటా మాటా అనుకున్నాం. నేను అనాల్సింది అని వంటింట్లోకి వచ్చేశాను. అది లేచి నా వెనక రాలేక మంచం మీదే ఉండిపోయింది. నేను గెలిచినట్టా? కూర్చున్న మనిషి మీద గెలుపేం గెలుపు. లేచి తిరగనీ, అప్పుడు చూసుకుంటాను దాని సంగతి.”

విచారణాయన ఆ మాటలన్నీ రాయలేదు. ఒప్పుకున్నారు అని మాత్రం రాశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి జిగురుని పక్కకి పిలిచాడు. “మేనత్తలూ చేరతారని బయట చెప్పకండి.”

జిగురు చెప్పలేదు. కానీ అతని భార్య కోతాయన భార్యకి చెప్పింది. వారం తిరక్కుండా ఆఫీసమ్మ గది ముందు వరస కట్టింది. అత్త అంటే మేనత్త కూడా అయినప్పుడు, మామ అంటే మేనమామ ఎందుకు కాడని కోతాయన వాదం. తన మేనమామ హెర్నియాతో సహా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ తల పట్టుకుని ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేసింది. పాపం, ఆవిడకీ సంగీతమే వినిపించారు. ఆ నెల్లోనే నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించారు. వచ్చే ఏడాది పాలసీలో అత్త అనగా ఎవరో, మామ అనగా ఎవరో, ఎవరు కారో, ఊపిరి తీసుకోకుండా చదివితే తప్ప అందనంత పొడుగు వాక్యంలో రాశారు. దాని ప్రకారం వచ్చే ఏడు కొత్తత్త ఒక్కతే అత్త. కంటి సంగతి అప్పుడే. కోతాయన మేనమామ మాత్రం హెర్నియాతో సహా ఇంటికి వెళ్ళాడు.

పాతత్తకి అనుమతి వచ్చింది. కంపెనీ పెట్టేది పోను మిగతాది జిగురు సర్దుకున్నాడు. అంతా బాగానే ఉంది గానీ ఇంట్లో చప్పుడు పోయింది. పాతత్త పోట్లాడ్డం మానేసింది. కొత్తత్త కిటికీ మూస్తే మూసుకోనిచ్చింది. ఫ్యాను ఆపితే, అదే మంచిదిలే అంది. కాఫీ ముందు ఆవిడకే ఇవ్వమంది. కొత్తత్త చక్కెర డబ్బా మూత తీసి కావాలనే గట్టు మీద వదిలేస్తే, పాతత్త గోడ పట్టుకుని వెళ్ళి, మూత పెట్టి, ఏమీ అనకుండా తిరిగొచ్చింది.

“ఏమైందే దీనికి?” అంది కొత్తత్త కూతురితో. “మోకాలు కదా పాడైంది. నోరు కూడానా?”

“నువ్వు చోటిచ్చావని మొహమాటపడుతోందమ్మా.”

“ఇలాంటిదని తెలిస్తే కన్నే చేయించుకునేదాన్ని.”

ఆసుపత్రిలో చేరే రోజు పొద్దున కారు పిలిచారు. వెనక సీట్లో ఇద్దరత్తలూ, మధ్యలో కూతురు, ముందు జిగురు. పాతత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ, పెదవులు బిగబట్టుకుని ఉంది. సంచీ తాడుని వేళ్ళకి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది. కొత్తత్త ఆ చేతుల్నే కాసేపు చూసింది. కారు పెద్ద రోడ్డెక్కాక గొంతు సవరించుకుంది.

“మళ్ళీ మిషను తొక్కుతుందట. వీధిలో ఆడవాళ్ళు ఇప్పట్నించే భయపడుతున్నారు.”

పాతత్త తల తిప్పింది. “ఏం, దేనికి?”

“ఏమో. నువ్వు కుట్టిన జాకెట్టు వేసుకుంటే చెయ్యి పైకి లేవదటగా. అన్నారెవరో.”

“ఎవరు?”

“ఎవరో అన్నారులే. ఇప్పుడెందుకు, అసలే ఆపరేషను.”

“ఎవరన్నారో చెప్పవే. ఈ చేత్తో ఎంతమందికి కుట్టాను. నీ కూతురు పెళ్ళి జాకెట్టు ఎవరు కుట్టారు? దాని చెయ్యి లేవలేదా?”

“నా చెయ్యి బాగానే లేచింది పెద్దమ్మా,” అంది మధ్యలోంచి కూతురు.

“నువ్వు ఊరుకోవే. నీ తల్లికి కళ్ళూ లేవు, బుద్ధీ లేదు. కొలత టేపు ఎటు పట్టుకోవాలో తెలీని మనిషి నాకు చెప్పొచ్చింది.”

“టేపు తిన్నగా పట్టుకునుంటే ఆ చేతులు అంత బిగుతుగా ఎందుకుంటాయి?” అంది కొత్తత్త నెమ్మదిగా.

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. జిగురు అతని భుజం తట్టి, పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆసుపత్రి వచ్చేదాకా పాతత్త ఊపిరి తిప్పుకోలేదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టినా, చేతికి పట్టీ కట్టినా, ఆకుపచ్చ గౌను తొడిగినా ఆగలేదు. బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్తుంటే మోచేతుల మీద లేచి, నర్సు భుజం మీదుగా వేలు చూపించి అరిచింది. “పేరు చెప్పు. నేను బయటికొచ్చేలోపల ఆ అన్నదెవరో పేరు చెప్పాలి నువ్వు.”

తలుపులు మూసుకున్నాయి. కొత్తత్త ఇనప కుర్చీ వెతుక్కుంటూ, చేత్తో తడిమి కూర్చుంది. చాలాసేపు ఆ తలుపులకేసే చూసింది. ఆ మసక కన్నుకి ఏం కనపడిందో తెలీదు. తర్వాత అల్లుణ్ణి దగ్గరికి రమ్మంది.

“ఎవరూ అనలేదురా,” అంది. “కానీ అది లేచాక ఊరుకోదు. ఒక పేరు కావాలి. బాగా ఆలోచించు.”